డప్పు మోగితే కస్తూరి ఎందుకు ఆడింది

కస్తూరికి పిచ్చి అని రాశారు. మనుషుల ప్రాణాలకు ముప్పు అని రాశారు. అది చదివి, గుర్రం దగ్గరికి వచ్చి ఒక్కసారైనా చూడకుండా, దాన్ని అమ్మేయాలని తీర్మానించారు. ఇది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటున్నాను.

రెండేళ్ళ కిందటి మాఘమాసం సంగతి. మామిడికుదురు దాటి వైనతేయ గోదావరి వైపు వెళ్తే గట్టు పక్కన రాంబాబు గారి కొబ్బరితోట వస్తుంది. తోటలో పాత పెంకుటిల్లు బాగు చేయించి, పక్కన నాలుగు గదులు కట్టించి, ఆయన వారం రోజుల గుర్రపుస్వారీ సెలవులు అని మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి జనం వస్తారు. పొద్దున్న స్వారీ నేర్చుకుంటారు, ఎండ చల్లబడ్డాక కాలవ గట్ల మీదా లంకల్లో ఇసుక దారుల్లోనూ తిరుగుతారు. గుర్రాలన్నిటికీ, వాటి మీద కూర్చునేవాళ్ళకీ బాధ్యత నాది.

నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది. అమలాపురం బస్టాండు దగ్గర మా నాన్న జట్కా తోలేవాడు, తర్వాత నేను తోలాను. అక్షరాలు మర్చిపోకుండా ఉన్నానంటే శనగల పొట్లాలు విప్పి చదివిన కాగితాల పుణ్యం. గుర్రం ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో పశువుల డాక్టరు గారు పారేయబోయిన పుస్తకాలు అడిగి తెచ్చుకుని చదివాను. ఆటోలు వచ్చి జట్కాలు పోయాయి. నేను మాత్రం గుర్రాల్ని వదల్లేదు. నా చేతి కింద బతికిన ప్రతి గుర్రం పేరూ, దాని అలకలూ ఇప్పటికీ చెప్పగలను.

రాంబాబు గారు పిలిచినప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. గుర్రం మీద కూర్చోబెట్టి ఫొటో తీసి దింపేసే పని నేను చెయ్యను. వచ్చినవాళ్ళు గుర్రాన్ని తోమాలి, గిట్టలు శుభ్రం చెయ్యాలి, జీను తామే వెయ్యాలి, ఆ తర్వాతే ఎక్కాలి. ఆయన దానికి ఆయ్ అన్నారు. అలా అన్నది కూడా వెదురు కంచె అవతల నుంచే. ఆయన ఎప్పుడూ కంచె అవతలే నిలబడతారు. గుర్రాలకు బెల్లం పంపినా ఎవరి చేతో పంపుతారు. తెల్ల బూట్లకు లద్దె అంటుకుంటుందని కాబోలు అనుకునేవాణ్ణి. ఒళ్ళు మండేది కూడా.

కస్తూరి గోధుమరంగు ఆడగుర్రం. రాజమండ్రిలో ఒక పెళ్ళి బ్యాండు వాళ్ళ దగ్గర కొన్నాం. పెళ్ళి ఊరేగింపు గుర్రానికి పని ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. డప్పు మోగుతుంటే అది కాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ, మెడ విల్లులా వంచి, ఉన్నచోటే ఆడాలి. పెళ్ళికొడుకు మీద కూర్చుని ఉంటాడు, ముందు బ్యాండు, చుట్టూ లైట్లు, టపాకాయలు. కస్తూరి మా దగ్గరికి వచ్చేసరికి దాని ముందుకాలి నరం వాచి ఉంది. సిమెంటు రోడ్డు మీద ఆడించిన వాపు అది. వానాకాలమంతా పట్టీలు కట్టి, కాలవ నీళ్ళలో నిలబెట్టి, ఆ కాలు నిలబెట్టాను.

ఆ మాఘంలో ఒకరోజు ఆ గుర్రం మీద ఒక బెంగళూరు పెద్దమనిషి కాలవ గట్టున వస్తున్నారు. నేను వెనక ఇంకో అతిథి జీను సరిచేస్తున్నాను. ఎదురుగా గరగలు వచ్చాయి. అలంకరించిన అమ్మవారి ఘటాలు నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఇల్లిల్లూ తిరిగే మేళం అది. డప్పు వినగానే కస్తూరి ఆట మొదలుపెట్టింది. ఆయన గావుకేక పెట్టి పంటకాలవలోకి దూకేశారు. నీటి మీద గుర్రపుడెక్క దట్టంగా ఉండబట్టి మెత్తగానే పడ్డారు, మణికట్టు బెణికింది. ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో రాసింది మాత్రం, పిచ్చిగుర్రం తనను నీళ్ళలోకి విసిరేసిందని.

ఆ రాత వచ్చిన మర్నాడు రాంబాబు గారు కంచె దగ్గరికి వచ్చారు.

"సత్తియ్య గారూ, కస్తూరిని పంపించేద్దామండి."

"ఎందుకండి?"

"ఆయన ఏం రాశేరో చూశేరు కదండి."

"చదివేనండి. అందులో నిజమైన ముక్క ఒక్కటుంటే చూపించండి. ఆయన దూకేరు. అది విసరలేదు."

"ఎవరు నమ్ముతారండి ఆ మాట?"

"ఎవరో ఎందుకండి, మీరు నమ్మండి. కస్తూరి చేసిన తప్పేంటో చెప్పండి చాలు. నేనే దగ్గరుండి లారీ ఎక్కిస్తాను."

ఆయన ఫోను వైపు చూసుకున్నారు.

"వచ్చే ఆదివారం అంబాజీపేటలో కొబ్బరికాయలు దింపేసిన లారీ ఇటొస్తందండి. ఖాళీగా వెళ్తా గుర్రాన్ని రాజమండ్రిలో దింపేస్తారు. ఆ బ్యాండు వాళ్ళే మళ్ళీ తీసుకుంటామన్నారు. అప్పటిదాకా అతిథుల్ని దాని మీద ఎక్కించకండి."

మళ్ళీ ఆ సిమెంటు రోడ్డు, మళ్ళీ ఆ కాలు. ఈసారి వాస్తే ఆ నరం ఇక తిరిగి రాదు. ఆ మాట చెబుదామనుకునేలోగా ఆయన వెళ్ళిపోయారు.

ఆ సోమవారం మాధవి గారు దిగారు. సికిందరాబాదులో టైలరింగ్ షాపు నడుపుతారు. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ ఇంటి ముందు నుంచి పోలీసు గుర్రాలు వెళ్ళేవట. ఎప్పటికైనా ఎక్కాలనుకున్నారట. వచ్చీ రాగానే చెప్పారు: "నాకు చాలా భయమండీ సత్తియ్య గారూ. భయం పోయాక నేర్చుకుందామంటే ఈ జన్మకు కుదరదు. భయంతోనే నేర్పండి."

నాకు ఆ మాట తెగ నచ్చింది. గుర్రాల్ని వరసగా చూపించాను. నేనెక్కే గుర్రం భీముడి దగ్గర ఆమె ఆగలేదు, మిగతా వాటి దగ్గరా ఆగలేదు. చివర్న కట్టేసిన కస్తూరి మెడ చాచి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. ఆమె కదలకుండా నిలబడిపోయారు.

"ఇది కావాలండీ నాకు."

"దాని మీద ఎక్కించొద్దన్నారండి," అని జరిగిందంతా చెప్పాను.

"ఎక్కనులెండి. తోముతాను. దానికేమీ అనరు కదా."

అలా మొదలైంది. గుర్రం దగ్గరికి ఎదురుగా కాకుండా భుజం వైపు నుంచి వెళ్ళడం, అరచెయ్యి ముందు మెడ మీద వెయ్యడం, గ్రూమింగ్ అంటే బ్రష్షుతో వెంట్రుక వాలును బట్టి తోమడం, హూఫ్ పిక్ అనే కొక్కేంతో గిట్టలోని మట్టిని మడమ వైపు నుంచి ముందుకు గీకడం. కస్తూరి కాలెత్తి ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆమె మొహం చూడాలి. ఏదో పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకున్నారు. జీను వెయ్యడం నేర్పేటప్పుడు గర్త్ దగ్గర ఆగాం. గర్త్ అంటే పొట్ట కిందుగా బిగించే పట్టీ. ఒక్కసారే బిగిస్తే కుదరదు. కస్తూరి ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. నాలుగడుగులు నడిపించి మళ్ళీ బిగించాలి.

మాధవి గారు పడీ పడీ నవ్వారు. "మా షాపులో కొలతలిచ్చేటప్పుడు అందరూ పొట్ట లోపలికి లాక్కుంటారండీ. ఇదొక్కతే బయటికి పెడుతోంది."

రెండు రోజులు తోమాక కంచె దగ్గరికి ఆవిడే వెళ్ళి రాంబాబు గారితో మాట్లాడారు. పడితే తన పూచీ అన్నారు. ఆయన చాలాసేపు నసిగి, "తోట లోపలైతే ఎక్కండి, బయటికి మాత్రం వద్దండి," అన్నారు.

నాకు కావలసింది అదే. అప్పటికే నా బుర్రలో ఒక ఉపాయం తయారుగా ఉంది. డప్పు వినిపిస్తేనే కదా ఆట. వినిపించకపోతే? కొబ్బరినూనెలో తడిపిన దూది కస్తూరి చెవుల్లో పెట్టాను. పక్క పేటలో డప్పు కొట్టే ఏసును పిలిపించాను.

ఏసు చుట్టూ చూశాడు. "పెళ్ళీ లేదు, చావూ లేదు. గుర్రానికి కొట్టడం ఏంటండి తాతగారూ?"

"నువ్వు కొట్టరా. వినేది అది. నచ్చకపోతే అదే చెబుతుంది."

ముందు నేనెక్కాను. ఏసు వాయించాడు. కస్తూరి చెవి కూడా కదపకుండా ఆవులా నడిచింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. "చూశారా, దూది," అన్నాను. తర్వాత మాధవి గారు ఎక్కారు. నేను పక్కనే తాడు పట్టుకుని నడుస్తున్నాను. ఏసు మళ్ళీ వాయించాడు.

కస్తూరి మెడ వంచింది. కాలెత్తింది. ఆట మొదలైంది.

నా దూది చెవుల్లోనే ఉంది. నా పరువు ఎక్కడికో పోయింది. ఏసును ఆపమని చెయ్యి ఊపాను, ఆపాడు. కస్తూరి మాత్రం ఆగలేదు. డప్పు లేకుండానే ఆడుతోంది.

భయంలోనూ మాధవి గారి బుర్ర పనిచేస్తూనే ఉంది. "డప్పు ఆగింది కదండీ. మరి ఇదెందుకు ఆడుతోంది?"

ఆమె తన చేతుల వైపు చూసుకున్నారు. పగ్గం గుండెల దాకా లాగి పట్టుకుని ఉన్నారు. వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. గుర్రం నోట్లో కళ్ళెం, ఆ కళ్ళేనికి పగ్గం, ఆ పగ్గానికి చివర ఆమె పిడికిళ్ళు.

"టెన్షన్ ఎక్కువైందండీ," అన్నారామె.

భయపడుతున్నారేమో అనుకున్నాను. "దించేస్తాను ఉండండి."

"నా టెన్షన్ కాదు. దారం టెన్షన్. కుట్టుమిషన్‌లో దారం మరీ బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది. అందరూ గుడ్డ మంచిది కాదంటారు. నేను ముందు మిషన్ మీద దారం బిగించే మర చూస్తాను."

అంటూనే వేళ్ళు విప్పారు. పగ్గం ఆమె చేతుల్లోంచి జారింది. కస్తూరి మెడ చాచింది, కాళ్ళు నేలకు దిగాయి. ముక్కుతో పొడుగ్గా ఒక ఊపిరి వదిలి నిలబడింది.

"మళ్ళీ లాగండి," అన్నాను. లాగారు, ఆడింది. "వదలండి." వదిలారు, ఆగింది. చెవుల్లో దూది తీసేశాను. "ఏసూ, కొట్టు." డప్పు మోగుతుండగా వదిలారు. కస్తూరి చెవులు తిప్పి విన్నది, నడుస్తూ పోయింది. నేను ఆ వయసులో ఆ తోటలో గంతులు వెయ్యలేదంటే మోకాళ్ళ నొప్పి వల్లే.

అప్పుడు తట్టింది. ఊరేగింపులో గుర్రాన్ని పట్టుకునేవాడు తాడును గడ్డం కింద బిగించి పట్టుకుంటాడు. బిగించడమే దానికి ఆడమని హుకుం. డప్పు ఉత్త తాళం. గరగల మేళం చూసి కస్తూరి బెదరలేదు, ఆ బెంగళూరు పెద్దమనిషే బెదిరారు. బెదిరి పగ్గం లాగారు. పైన కూర్చున్న దొర ఆడమన్నాడు, అది ఆడింది. తన పని తాను చేసినందుకు దానికి పిచ్చి అని పేరు పెట్టారు.

"మరి మీరు ఎక్కినప్పుడు ఎందుకు ఆడదండీ?" అని అడిగారు మాధవి గారు.

"నేనంటే దానికి గౌరవం అనుకుంటున్నానండి ఇన్నాళ్ళూ."

"గౌరవం ఉంటుందిలెండి. కానీ మీ పగ్గం చూశారా, బట్టలారేసే తాడులా వేలాడుతోంది."

ఏసు డప్పు మీద నవ్వు ఆపుకోలేక తల వాల్చేశాడు. జట్కా వాడి చెయ్యి అంతే మరి, బండి మీద నుంచి పొడుగు పగ్గం వదిలి పట్టుకోవడం అలవాటు. అది గౌరవం కాదని ఒప్పుకోవడానికి నాకు ఆ సాయంత్రమంతా పట్టింది.

కారణం తెలిసింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. భయం వేసినప్పుడు చెయ్యి బిగుసుకుంటుంది. ఏ మనిషి చెయ్యైనా అంతే. ఆ క్షణంలో వదలాలి. ఇది మాటలతో వచ్చే విద్య కాదు. రాత్రి భోంచేస్తూ అరిటాకు అంచు చీలుస్తుంటే ఉపాయం దొరికింది. మర్నాడు ఎండిన అరటినార తెచ్చి, కళ్ళేనికీ పగ్గానికీ మధ్య ఒక్కొక్క పీచు కట్టాను. పూలు కట్టే నార అది. మెత్తగా పట్టుకుంటే గుర్రానికి మాట అందుతుంది. గట్టిగా లాగితే పుటుక్కున తెగుతుంది. నేను పక్కన విడిగా తాడు పట్టుకుని ఉంటాను కాబట్టి ప్రమాదం లేదు.

మొదటి రోజు నారలు తెగి తెగి తోటలో పోగుపడ్డాయి. ట్రాట్ అంటే గుర్రం చిన్న పరుగు, ఆ పరుగు మొదలుకాగానే పుటుక్కు. కొబ్బరి మట్ట రాలితే పుటుక్కు. ఏసు డప్పు ఎత్తితే చాలు, కొట్టకుండానే పుటుక్కు.

"రావులపాలెం నుంచి అరటి లారీ తెప్పించమంటారా అండి?" అన్నాడు ఏసు.

"నువ్వు కొట్టు బాబూ, ముందు నీ డప్పు తెగుతుందో నా నార తెగుతుందో చూద్దాం," అన్నారు మాధవి గారు. చీర కుచ్చులు కుట్టిన చేతులు అవి. నెమ్మదిగా పట్టు చిక్కింది. శుక్రవారం సాయంత్రం ఏసు భుజాలు పడిపోయేలా కొట్టాడు. కస్తూరి నడిచింది, ట్రాట్ చేసింది, ఆగమంటే ఆగింది. నార ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఆ నార పట్టుకుని కంచె దగ్గరికి పరిగెత్తాను. "రాంబాబు గారూ, రేపు గట్టు మీదికి తీసుకెళ్తాం. మీరొచ్చి చూడండి. చూశాక కూడా లారీ ఎక్కించమంటే ఎక్కిస్తాను."

ఆయన నా చేతిలోని నార వైపు చూశారు. "కార్లో వెనకాల వస్తానండి," అన్నారు.

శనివారం సాయంత్రం. ఒకపక్క రెండో పంట దాళ్వా వరిచేలు పచ్చగా, ఇంకోపక్క కాలవ. ఆ రోజు కళ్ళేనికి నేరుగా పగ్గమే కట్టాం, మధ్యలో నార లేదు. ముందు నేను భీముడి మీద, వెనక కస్తూరి మీద మాధవి గారు, ఇంకా వెనకగా రాంబాబు గారి కారు. మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. వంతెన మలుపు తిరిగేసరికి ఎదురుగా పెళ్ళి ఊరేగింపు వస్తోంది. ఏసు ఒక్కడి డప్పు కాదు, పూర్తి బ్యాండు. బాకాలు, డ్రమ్ములు, ముందు టపాకాయలు. గట్టు మీద వెనక్కి తిరిగే చోటు లేదు.

తిరిగి చూశాను. కస్తూరి చెవులు నిక్కాయి. మెడ వంపు తిరుగుతోంది. పాత కొలువు దాన్ని పిలుస్తోంది. మాధవి గారి చేతులు పైకి లేచాయి. గుండెల దాకా వచ్చాయి.

ఆ చేతులు అక్కడ ఆగాయి. మెల్లగా దిగాయి. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. పగ్గం వదులైంది. కస్తూరి మెడ చాచి, తల కొంచెం కిందికి దించి, బ్యాండు పక్క నుంచి నీళ్ళకు వెళ్ళే గేదెంత నిమ్మళంగా నడిచింది. బాకా ఊదేవాడు ఊపిరి ఆపి మరీ చూశాడు.

ఊరేగింపులో ఒక ముసలావిడ అడిగింది. "ఏమ్మా, గుర్రం ఆడదేంటి?"

"ఈ రోజు దానికి సెలవండీ," అన్నారు మాధవి గారు. నవ్వుతున్నారు, కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

వెనక కారు ఆగింది. రాంబాబు గారు దిగారు, నిలబడి చూశారు, ఒక్క మాటా అనకుండా మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయారు. ఇంత చూసి కూడా నోరు విప్పని మనిషికి ఇంకేం చూపించాలి?

ఆ వారం నాకు నేర్పిన పాఠం ఇప్పటికీ పనికొస్తోంది. గుర్రం పాడైందని ఎవరైనా చెబితే నేను గుర్రం వైపు చూడను, చెప్పేవాళ్ళ వేళ్ళ వైపు చూస్తాను. కొత్తగా వచ్చే ప్రతి అతిథికీ మొదటి రోజే అరటినార కడతాను. భయంతో వచ్చినవాళ్ళను వెనక్కి పంపను. భయం ఉన్నవాళ్ళే చేతుల సంగతి త్వరగా పట్టుకుంటారని మాధవి గారి దగ్గర తెలుసుకున్నాను.

ఆదివారం పొద్దున్న కస్తూరి కాళ్ళు కడుగుతున్నాను. లారీ ఎక్కినా కడిగిన కాళ్ళతోనే ఎక్కాలని పంతం. మాధవి గారు దాని జూలు దువ్వుతున్నారు. రోడ్డు మీద లారీ హారన్ వినబడింది. కాసేపటికి మళ్ళీ ఇంజను చప్పుడు, అది దూరమవుతూ పోయింది. వెదురు కంచె తలుపు కిర్రుమంది.

రాంబాబు గారు లోపలికి వచ్చారు. ఆ తలుపు దాటి ఆయన రావడం నేను చూసింది అదే మొదటిసారి. కాళ్ళకు చెప్పులు కూడా లేవు. కస్తూరికి బారెడు దూరంలో ఆగిపోయారు. కస్తూరి పలకరింపుగా తల తిప్పింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు, మళ్ళీ ముందుకు వేశారు. నేను లేవలేదు. వారం కిందట అడిగిందే అడిగాను.

"కస్తూరి చేసిన తప్పేంటండి?"

ఆయన కస్తూరి మీంచి కళ్ళు తిప్పకుండా అన్నారు.

"ఏ తప్పూ లేదండి. నాకు గుర్రాలంటే భయమండి సత్తియ్య గారూ, చిన్నప్పటినుంచీ. ఇష్టపడి కొన్నాను గానీ ఇన్నాళ్ళూ ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. లారీని పంపించేశేను. ఆ అరటినార ఇంకా మిగిలుంటే, నాకూ ఓ పీచు కట్టండి."